దండ వేసే పటాలు

ఈ మధ్య ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చేరిన పిల్లలు ఒకరిద్దరు ఆదోనిలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. జనం కొనే బొమ్మలు గీయాలా, పెద్దలు మెచ్చే బొమ్మలు గీయాలా అని. ముందు టీ పెడతాను. టీ తాగేలోపు చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు సుగుణమ్మ. పుట్టింది ఎమ్మిగనూరులో. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్ళు. చర్చిలో ఆదివారం బడికి పోతే రంగుల బొమ్మలున్న చిన్న కార్డులు ఇచ్చేవాళ్ళు. వాటిని పలక మీద దించడంతో నా చదువు మొదలైంది. ఆ తర్వాత బతుకంతా ఆదోనిలో పటాలు గీశాను. పటం అంటే మా వైపు చనిపోయినవాళ్ళ బొమ్మ. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ చిన్న ఫోటో ఏదో ఒకటి తెచ్చిస్తారు. దాన్ని చూసి పెద్దదిగా రంగుల్లో గీసి, అద్దం బిగించి ఇవ్వాలి. తలుపుకు ఎదురుగా తగిలించి, పండగ పూట దండ వేస్తారు. కోసిగి, కౌతాళం, తుగ్గలి వైపు ఊళ్ళలో నా పటం లేని వీధి తక్కువ. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ పని చేసేవాళ్ళే తక్కువ మరి.

మస్తాన్ సార్

నాకు పని నేర్పింది మస్తాన్ సార్. ముందు గదిలో ఫోటో స్టూడియో, వెనక గదిలో పటాలు. ఆడపిల్లను కుంచె పనిలో పెట్టుకున్నాడని బజారులో నలుగురూ నాలుగు మాటలన్నారు. "గీసేది చెయ్యి. చెయ్యికి ఆడా మగా యాడిది" అని ఒక్క మాటతో వాళ్ళ నోళ్ళు మూయించాడు. మహా పొదుపరి. రంగు ట్యూబు అయిపోయాక దాన్ని కత్తెరతో చీల్పించి, లోపల మిగిలింది కూడా గీకించేవాడు. నేను గీకింది చాలకపోతే మళ్ళీ తనే గీకేవాడు.

ఎవరైనా పటం కోసం వస్తే వాళ్ళకు టీ చెప్పి, కబుర్లలో దించడం ఆయన అలవాటు. పోయినాయన అన్నంలో ఏం కలుపుకునేవాడు, కోపం వస్తే అరిచేవాడా, మూతి ముడుచుకునేవాడా, ఇట్లాంటివి అడిగేవాడు. ఈయనకు పొద్దుపోక అడుగుతున్నాడని నేను అనుకునేదాన్ని. ముక్కు గీయడానికీ మజ్జిగన్నానికీ సంబంధమేంటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆయనవి కొన్ని కట్టుబాట్లు. కళ్ళు ముందు గీయాలి. వెనక లేత నీలం వేయాలి. పటంలో మనిషి నవ్వకూడదు. "దండ ఏసే పటంలో నవ్వేంది బేటీ. సూసేవాళ్ళకు ఏడుపు రావాల" అనేవాడు.

వచ్చినవాళ్ళ కోరికలు తమాషాగా ఉండేవి. బతికినన్నాళ్ళూ వాచీ ఎరగని మనిషికి వాచీ పెట్టమనేవాళ్ళు. చదువు రానాయన జేబుకు పెన్ను తగిలించమనేవాళ్ళు. అన్నీ పెట్టిచ్చాను. బొమ్మలో అబద్ధం ఉండకూడదని పెద్దలు అంటారు. ఎండలో బతికిన మనిషి చేతికి పోయాకైనా ఒక వాచీ పెడితే ఎవరి సొమ్ము పోయిందో నాకు తెలియదు. ఎమ్మిగనూరు నుంచి ఒక మగ్గం నేసే ఇంటి కూతురు వచ్చి, వాళ్ళమ్మ ఫోటోతో పాటు ఒక చీర కూడా తెచ్చింది. "మొకం అటూ ఇటూ అయినా మేం సర్దుకుంటాం. ఈ అంచు మాత్రం తప్పొద్దు. మా అమ్మ నేసిండేది" అంది. ఆ అంచు గీయడానికి ముఖానికి పట్టినదానికి రెట్టింపు సమయం పట్టింది. పటం అందుకున్న ఆ పిల్ల ముందు అంచు మీద వేలు పెట్టి పోగులు చూసింది. ఆ తర్వాతే తలెత్తి వాళ్ళమ్మ ముఖం చూసింది.

కోసిగి ఈరన్న

కొన్నేళ్ళు గడిచాక సార్ పటాలు పూర్తిగా నాకు అప్పజెప్పాడు. అప్పుడు కోసిగి నుంచి ఉలిగమ్మ అనే ఆమె వచ్చింది. నాకంటే కొంచెం పెద్దది. భర్త ఈరన్న జ్వరంతో పోయాడు. ఆయనది ఓటరు కార్డు కోసం తీసిన ఫోటో ఒక్కటే ఉంది. ఉలిగమ్మ సుగ్గికి పోతోంది. సుగ్గి అంటే ఊళ్ళో పని లేని నెలల్లో మిరపకాయలు కోయడానికో, ఇళ్ళు కట్టే పనికో దూరం ఊళ్ళకు వలస పోవడం. తిరిగి వచ్చేటప్పుడు తీసుకుంటానని ఫోటో ఇచ్చి వెళ్ళింది.

ఒక్క వెంట్రుక తప్పకుండా దించాను. సార్ కూడా చూసి తల ఊపాడు. ఉలిగమ్మ వచ్చిన రోజు గర్వంగా పటం మీద గుడ్డ తీశాను. ఆమె చాలాసేపు చూసింది.

"ఈయప్ప ఎవురమ్మా?" అంది.

"మీ ఇంటాయనే కదా అక్కా. ఫోటోలో ఎట్లుంటే అట్లే గీసినా."

"ముక్కు ఆయనదే. మీసమూ ఆయనదే. కానీ ఈయప్ప ఎవురికో భయపడతాండాడు. మా ఆయన ఎవురికీ భయపడేటోడు కాదు."

ఫోటో మళ్ళీ తీసి చూశాను. ఆమె చెప్పింది నిజం. ఎన్నడూ కెమెరా ముందు కూర్చోని మనిషిని పట్టి కూర్చోబెడితే కళ్ళు బెదిరాయి. ఆ బెదురునే నేను శ్రద్ధగా పెద్దది చేసి, రంగులు వేసి ఇచ్చాను.

ఆ ఆదివారం కోసిగికి బస్సెక్కాను. ఉలిగమ్మ జొన్నరొట్టె, వేరుశెనగ చట్నీ పెట్టి, ఇరుగుపొరుగును పిలిచింది. ఒక్కొక్కరూ ఒక ఈరన్నను చెప్పారు. ముందు పన్ను ఊడిపోయి ఉండేదట. అందుకని నవ్వొస్తే పెదాలు బిగబట్టేవాడట. తలగుడ్డ ఎప్పుడూ ఒక పక్కకు జారేదట. పడమట మోడం, అంటే వాన మబ్బు, కనపడితే గడపలో నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా లోలోపలే సంబరపడేవాడట. పోయినాయన అన్నంలో ఏం కలుపుకునేవాడని మస్తాన్ సార్ ఎందుకు అడిగేవాడో నాకు ఆ రొట్టె తింటూ అర్థమైంది.

వచ్చి కొత్త కాన్వాసు మీద మొదలుపెట్టాను. జారిన తలగుడ్డ, బిగబట్టిన పెదాలు, వాటి వెనక ఆగని నవ్వు. సార్ చూసి తల పట్టుకున్నాడు. "ఇది పటమా, సినిమా పోస్టరా? ఆయమ్మ వచ్చి నెత్తిన కొడితే నాకు సంబంధం లేదు" అన్నాడు.

ఉలిగమ్మ వచ్చింది. గుడ్డ తీశాను. ఈసారి ఆమె నావైపు చూడనే లేదు. పటానికి దగ్గరగా పోయి నిలబడి, "ఏమయ్యా, నవ్వుకుంటాండావు. మోడం పట్టిందా?" అని అడిగింది.

సార్ గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నవ్వే పటం కావాలని ఊళ్ళనుంచి జనం రావడం మొదలైంది. సార్ తన కట్టుబాటును నా ముందు తనే కొట్టేశాడు. ఇంకొన్నేళ్ళకు నేను సొంత దుకాణం పెట్టుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను. ఈ పనితో ఏనాడూ పస్తులుండలేదు. కొత్తగా వచ్చే పిల్లలు ఇది చిన్న విషయం అనుకోకూడదు.

హైదరాబాదు హాలు

ఒక వకీలు వాళ్ళ నాన్న పటం తీసుకుపోతూ, "ఇట్లాంటివి రాష్ట్ర ప్రదర్శనకు పంపాల సుగుణమ్మా. ఈడ కూర్చుంటే ఎవురికి తెలుస్తాది" అన్నాడు. ఆ మాట మనసులో పడింది. నేను గీసినవాటిలో నచ్చిన నలుగురిని, వాళ్ళ ఇళ్ళలో అడిగి, మళ్ళీ గీసి పంపాను. అన్నీ వద్దన్నారు. తెచ్చుకోవడానికి నేనే హైదరాబాదు పోయాను.

ప్రదర్శన పెట్టిన హాలులో ప్రొఫెసర్ శేషగిరిగారు ఉన్నారు. ఎంపిక చేసిన పెద్దల్లో ఒకరు. నా బొమ్మలు విప్పి చూపించి, ఎందుకు వద్దన్నారని అడిగాను.

"మీ చేయి మంచిదమ్మా" అన్నారు ఆయన. "కాని ఇవి ఎవరో చెప్పి చేయించుకున్న పనులు. ఇంట్లో గోడకు తగిలించుకునే వస్తువులు."

"ఈడున్నవి కూడా గోడకే తగిలించినారు కదా సార్" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. కళ్ళద్దాలు సర్దుకుని నా నాలుగు బొమ్మలనూ వరసగా నిలబెట్టారు. "ఇటు చూడండి. నలుగురి ముఖం మీదా వెలుగు ఎడమ పక్కనుంచే పడుతోంది. నలుగురూ ఒకే కిటికీ దగ్గర బతికారా?"

బొమ్మలు మూటగట్టుకుని బయటికి వచ్చాను. ఆదోని దాకా బస్సులో ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. నాలుగు రోజులు గడిచాక కోపం తగ్గి చూసుకుంటే, మస్తాన్ సార్ వెనక గదిలో కిటికీ ఎడమ పక్కన ఉండేది. అక్కడ పనిచేసిన అన్నేళ్ళూ, సొంత దుకాణంలోనూ ఊరూరి మనుషులకు ఆ ఒక్క కిటికీ వెలుగే పూశాను. అప్పటినుంచి వీలైన ప్రతి పటానికీ ఆ ఇంటికి పోయి, వాళ్ళు కూర్చునే చోట వెలుగు ఎక్కడినుంచి పడుతుందో చూసి వచ్చేదాన్ని. మన పనిని తీసిపారేసినవాడి మాటల్లో పొట్టు ఎక్కువే ఉంటుంది. అయినా చెరిగి చూడాలి. ఒకటి రెండు గింజలు దొరుకుతాయి.

బాధ పడలేదని మాత్రం చెప్పను. దుకాణం నిండా పని ఉన్నా, పేపర్లో ప్రదర్శన వార్త కనిపిస్తే రెండుసార్లు చదివేదాన్ని. గెలిచిన బొమ్మను దగ్గరగా పెట్టుకుని, ఇందులో ఏముందో, నా దాంట్లో ఏం లేదో వెతికేదాన్ని. కొన్ని నిజంగా బాగుండేవి. కొన్ని ఎటునుంచి చూసినా నాకు అంతుబట్టలేదు.

దుకాణం మూత

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. ఫోన్లో ఫోటోను ఒక్క నొక్కుతో రంగుల్లోకి మారుస్తున్నారు. దీని మీద నన్ను ఏడవమని కొందరు టీవీవాళ్ళు మైకులు పట్టుకుని వచ్చారు. నాకు ఏడుపు రాలేదు. నాకు కళ్ళు మసకబారే వయసుకే పని కూడా తగ్గింది, మంచిదే అయింది. దుకాణం మూసిన సాయంత్రం పక్క దుకాణాలవాళ్ళకు మిరపకాయ బజ్జీలు తెప్పించాను. బ్యాండు మేళం ఒక్కటే తక్కువని అందరూ నవ్వారు.

కర్నూలుకు పోయిన టెంపో

కిందటేడు హారిక అనే అమ్మాయి వచ్చింది. కర్నూలులో ఒక కళాకేంద్రంలో ప్రదర్శనలు ఏర్పాటు చేస్తుంది. శేషగిరిగారి దగ్గర చదువుకుందట. స్నేహితురాలి పెళ్ళికి కోసిగి పోయి, మంచినీళ్ళు అడగడానికి ఒక ఇంట్లోకి వెళ్ళి, అక్కడ గోడ మీద ఈరన్నను చూసిందట. పక్కింట్లోకి తొంగి చూస్తే అక్కడా ఇంకొక పటం. పెళ్ళి విందు వదిలేసి వీధంతా తిరిగానని చెప్పింది.

"అమ్మా, ఈ పటాలన్నీ ఒకచోట పెట్టి చూపిద్దాం. కొత్తవి గీయొద్దు. ఇళ్ళలో ఉన్నవే కావాలి" అంది.

ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. ఇవ్వడానికి చాలామంది ఒప్పుకున్నారు. ఉలిగమ్మకు ఇప్పుడు జుట్టు తెల్లబడింది, నడుము వంగింది, గొంతు మాత్రం అట్లాగే ఉంది. "ఆయన్ని ఒక్కణ్ణే పంపను. ఆయన యాడికి పోతే ఆడికి నేనూ వస్తా" అంది. అది విని మిగతావాళ్ళూ మేమూ వస్తామన్నారు. ప్రదర్శన మొదలయ్యే రోజు కోసిగి నుంచి టెంపో నిండా జనం. ఒళ్ళో రొట్టెల మూటలు, మల్లెపూల పొట్లాలు.

హాలంతా తెల్లటి గోడలు. ప్రతి పటం మీదా చిన్న కరెంటు దీపం. ఎప్పుడూ గుమ్మానికి ఎదురుగా మసి పట్టి ఉండే మనుషులు అక్కడ కొత్త బట్టలు కట్టుకున్నట్టు కనిపించారు. ఉలిగమ్మ ఈరన్న దగ్గరికి పోయింది. కింద అతికించిన చీటీలో ఏముందో చదవమని హారికను అడిగింది.

"శీర్షిక లేదు. కాన్వాసు మీద తైలవర్ణం" అని చదివింది హారిక.

"అంటే?"

"బొమ్మకు పేరు లేదని అర్థం అవ్వా."

"పేరు లేకుండా యాడుంటాడమ్మా? ఈరన్న. కోసిగి ఈరన్న. రాయి."

హారిక పెన్ను తీసి అక్కడే రాసింది. అంతే, అందరూ ఆ అమ్మాయి చుట్టూ చేరారు. మా నాయన పేరు రాయి, మా జేజి పేరు రాయి అని. సాయంత్రానికి హాలులో పేరు లేని మనిషి లేడు. ఎవరో ఊదుబత్తి వెలిగించబోతే కాపలాదారు పరిగెత్తుకొచ్చి ఆపాడు. పొగ కూడదంటే పూలు పెట్టుకుంటామన్నారు. హారిక సరేనంది. పటాలకు దండలు పడ్డాయి. పట్నంనుంచి చూడటానికి వచ్చినవాళ్ళు ముందు దూరంగా నిలబడ్డారు. తర్వాత ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి, ఈయన ఎవరు, ఆమె ఎవరు అని అడగడం మొదలుపెట్టారు. చెప్పడానికి కోసిగివాళ్ళు రొట్టెల మూటలు పక్కన పెట్టి సిద్ధంగా ఉన్నారు.

శేషగిరిగారు చేతికర్రతో వచ్చారు. కళాకేంద్రం కొనే బొమ్మలను ఎంచేది ఇప్పుడు ఆయనేనట. నన్ను పోల్చుకున్నారో లేదో తెలియలేదు. ఈరన్న ముందు నిలబడితే ఉలిగమ్మ వదల్లేదు. ఊడిన పన్ను నుంచి మొదలుపెట్టి, ఆయన పోయిన జ్వరం దాకా అంతా చెప్పింది. ఆయన కర్ర మీద బరువు వేసి చివరిదాకా విన్నారు. తర్వాత నావైపు తిరిగారు.

"వెలుగు ఎడమ పక్కనుంచే ఉంది" అన్నారు, నవ్వుతూ.

"ఇది మీరు చెప్పకముందు గీసింది సార్. తర్వాతవి ఆ గోడకున్నాయి, సూడండి."

ఆయన ఆ గోడంతా చూసి వచ్చి హారికతో ఏదో మాట్లాడారు. ఈరన్న పటాన్ని కళాకేంద్రం కొని, శాశ్వతంగా తమ హాలులో పెట్టుకుంటుందట. హారిక నా చెవిలో, "మీరు చెబితే ఆమె వింటుందమ్మా" అంది.

నాకు ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం. ఉలిగమ్మ పక్కన కూర్చుని, "అక్కా, ఆయన ఈడే ఉంటే శానామంది సూస్తారు" అన్నాను.

ఆమె పటం వైపే చూస్తూ, "ఆయనకు శానామందిని సూస్తే సిగ్గు సుగుణమ్మా. నాలుగు దినాలంటే ఓర్సుకుంటాడు" అంది. మళ్ళీ నావైపు తిరిగి, "ఆయన్ని ఈడ పెట్టిపోతే నేను ఇంటికాడ ఎవురితో మాట్లాడాల?" అని అడిగింది.

నేను లేచాను. శేషగిరిగారి దగ్గరికి పోయి కుదరదని చెప్పాను. ఆ మాట చెబుతుంటే నాకు దిగులేమీ కలగలేదు. నా బొమ్మను అమ్మనని ఒకామె కళాకేంద్రానికి ఎదురు చెప్పింది. ఇంతకంటే మర్యాద నాకు ఏ హాలులో దొరుకుతుంది?

"అయితే మా కోసం కొత్తగా ఒకటి గీయండి" అన్నారు.

"ఎవర్ని గీయాల సార్?"

"మీ ఇష్టం."

ఉలిగమ్మ కూర్చుంది

నా ఇష్టం వచ్చిన మనిషిని గీయడం నాకు అలవాటు లేదు. ఎవరో ఒకరు పోవాలి, వాళ్ళవాళ్ళు రావాలి, ఫోటో ఇవ్వాలి. బతికున్న మనిషి పటం గీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మా ఊళ్ళలో భయం కూడా ఉంది. టెంపోలో తిరిగి పోతూ ఈ మాట పైకే అన్నాను. ఈరన్నను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఉలిగమ్మ, "నన్ను గియ్యి" అంది.

"భయం లేదా అక్కా?"

"నాకు ఇంకా ఆయుష్షు తగ్గేదేముంది? గియ్యి. పనీ పాటా లేకుండా కూర్సోమంటే మాత్రం నా సేత కాదు."

కళ్ళజోడు మార్పించుకుని కోసిగిలో వాళ్ళ చుట్టాలింట్లో ఉండిపోయాను. ఉలిగమ్మ గడపలో కూర్చుని వేరుశెనక్కాయలు వలుస్తుంటే నేను వీధిలో స్టూలు వేసుకుని గీశాను. ఇన్నేళ్ళలో నా ముందు మాట్లాడే ముఖం కూర్చోవడం అదే మొదలు. నోరు గీయబోతే ఎవరినో పిలిచేది. కళ్ళు గీయబోతే కోళ్ళను అదిలించేది. వీధి అంతా నా వెనక నిలబడి సలహాలిచ్చింది. ముక్కు పెద్దదైందని ఒకరు, చెవి కమ్మ మరిచిపోయావని ఒకరు. శేషగిరిగారిలాంటివాళ్ళు కోసిగిలో ఇంతమంది ఉన్నారని నాకు అంతవరకూ తెలియదు. అంత సంతోషంగా నేను ఎప్పుడూ పనిచేయలేదు.

ఇక నన్ను ప్రశ్న అడిగే పిల్లలకు చెప్పవలసింది చెబుతాను. కొనేవాళ్ళ కోసం గీయడం చిన్నతనం కాదు. ఆ పని నాకు మనుషుల ఇళ్ళ తలుపులు తెరిచింది. మెచ్చేవాళ్ళ గుమ్మం తట్టడం కూడా తప్పు లేదు. వాళ్ళలో ఒకరు నాకు వెలుగు చూడటం నేర్పారు. రెండు గుమ్మాల్లో దేని ముందూ మోకాళ్ళ మీద కూర్చోవద్దు. పని మీద చూపు పెట్టుకుని నిలబడండి.

బొమ్మను కర్నూలులో పెద్ద హాలు మధ్యగోడకు పెట్టారు. కింద ఆమె పేరు, నా పేరు. శేషగిరిగారు వచ్చారు, పేపరువాళ్ళు వచ్చారు, ఎవరెవరో మంచి మాటలు మాట్లాడారు. నేను ఆ మాటలు వింటూనే ఉలిగమ్మ వైపు చూస్తున్నాను. ఆమె ఆ బొమ్మకు ఎదురుగా నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, కొత్తగా వీధిలోకి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. ఆమె ఏమంటుందోనని అందరూ ఎదురుచూశారు.

"ఎవురో గానీ మంచామే" అంది చివరికి. "ఎండన పడి వచ్చి మజ్జిగ అడిగితే లేదనదు."